వెనక బెంచీ ఆవిడ

ఆ ఫోను కాసేపు పక్కన పెట్టి ఇటు రా తల్లీ. ఇంకాస్త దగ్గరికి జరుగు. ఆ వైపు కాదు, ఈ వైపు. నా కుడి చెవికి చెప్పినా గోడకి చెప్పినా ఒకటేనని నీకు తెలుసుగా. మధ్యలో నువ్వేదైనా అడిగితే నాకు వినపడాలి.

పొద్దున క్లాసు మధ్యలో లేచిపోయి, "ఫోనులో చెప్పేదీ ఒక చదువేనా అమ్మమ్మా" అని విసుక్కున్నావు చూడు, అప్పుడే ఒక మాట నా నోటిదాకా వచ్చింది. మీ అక్క అద్దం ముందు తల దువ్వుకుంటోందని మింగేశాను. ఇప్పుడది పనికి వెళ్ళింది. సాయంత్రం దాకా రాదు. దాని ముందు ఇది చెప్పలేను. అది లేనప్పుడే చెప్పాలి, విను.

ఇది ఒక్క వానాకాలం సంగతి. తొలి చినుకులతో మొదలై, వానలు వెనకబట్టేసరికి అయిపోయింది. మీ అక్క అప్పుడు పదో తరగతి. నువ్వు నా చంకలో ఉండేదానివి. నడక వచ్చీ రాని పిల్లవి, దొరికిందల్లా నోట్లో పెట్టుకునేదానివి. మీ నాన్న లారీ మీద వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. మీ అమ్మ వీధి గదిలో కుట్టుమిషను పెట్టుకుని చుట్టుపక్కల బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టేది. "ఎనిమిదిలో బడి మానేసిందాన్ని నేను. నా కుట్టు మాత్రం రోజూ బడికి పోతోంది" అని నవ్వేది. పొద్దున వీధిలో పిల్లలు వరసగా పోతుంటే గుమ్మంలో నిలబడి, ఎవరి కాలరు సరిగ్గా కూర్చుంది, ఎవరిది లేచింది అని చూసుకునేది. ఆ కాసేపూ మిషను ఆగేది.

ఆ ఎండాకాలం చివర మీ అమ్మకి కాళ్ళు వాచాయి. ఎండకి అనుకున్నాం. ముఖం కూడా ఉబ్బాక పెద్దాసుపత్రికి పరిగెత్తాం. కిడ్నీలు రెండూ పాడయ్యాయన్నారు. వారంలో మూడు రోజులు వచ్చి పడుకోవాలి, ఒంట్లో రక్తమంతా మిషనులోకి తీసి, కడిగి, మళ్ళీ ఎక్కిస్తామన్నారు. ఎడమ చేతికి చిన్న ఆపరేషను చేసి, ఈ చేత్తో బరువెత్తకూడదు, బట్ట లాగకూడదు అన్నారు.

"ఇన్నేళ్ళూ నేను మిషను తొక్కాను, ఇప్పుడు మిషను నన్ను తొక్కుతానంటోంది" అంది మీ అమ్మ. డాక్టరు కూడా నవ్వాడు. నేనే నవ్వలేకపోయాను.

చిక్కంతా ఆసుపత్రికి తోడు ఎవరు వెళ్ళాలనే దగ్గర వచ్చింది. నాకు బోర్డులు చదవడం రాదు, చంకలో నువ్వు. మీ నాన్న పనిలో ఆగితే మందులు ఆగుతాయి. ఒకరోజు నేను అన్నం కలుపుతుంటే మీ అక్క తలెత్తకుండా చెప్పింది.

"ఈ ఏడు బడి మానేస్తా. వచ్చే ఏడు చదువుకుంటాను."

మీ అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కోపం రాలేదు, గొంతు పెంచలేదు. "నేనూ వచ్చే ఏడనే అన్నాను" అంది. "ఆ వచ్చే ఏడు నాకింకా రాలేదు."

మర్నాడు మీ అమ్మే, ఆ వాచిన కాళ్ళతోనే, చెప్పుల్లో పాదం పట్టకపోతే మీ నాన్న చెప్పులు తొడుక్కుని బడికి వెళ్ళింది. వచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతోంది. బడికి రాలేని పిల్లలకు ఫోనులో పాఠాలు చెబుతున్నారట. ఏ వేళకి క్లాసంటే ఆ వేళకి ఫోను తెరిస్తే చాలు. ఎక్కడ కూర్చున్నా బడే. ఆ వేళకి కుదరకపోతే పాఠం అందులోనే ఉంటుంది, తర్వాతైనా వినొచ్చు.

"ఎక్కడ కూర్చున్నా అంటే ఆసుపత్రిలో కూడానా?" అంది మీ అక్క.

"ఆసుపత్రిలో కూర్చోడానికి స్టూలుంటే చాలు. బెంచీలే కావాలని ఎవరూ అనలేదు."

అలా మొదలైంది ఆ చదువు. మీ నాన్న పాత ఫోను అద్దం మూలకి పగిలి ఉండేది. చెవిలో పెట్టుకునే వైరు ఒకసారి కుట్టుమిషను చక్రంలో పడి తెగితే, నలిగిన ముక్క కత్తిరించేసి అతికించారు. అందుకని పొట్టిదైపోయింది. దాని రెండు గుండీల్లో ఒకదాని రబ్బరు నువ్వు కొరికేశావు. నీ పళ్ళ గాట్లు ఇప్పటికీ దాని మీద ఉన్నాయి. నవ్వకు, నిజం.

ఆసుపత్రిలో ఆ హాలు పొడుగ్గా ఉండేది. వరసగా మంచాలు, ప్రతి మంచం పక్కన మనిషెత్తు మిషను, గొట్టాల్లో తిరుగుతున్న ఎర్రటి రక్తం. తోడు వచ్చినవాళ్ళు బయట బెంచీల మీదే ఉండాలి. బయటేమో ఫోనుకి సిగ్నల్ లేదు. లోపల కిటికీ పక్కన ఉంది. మీ అమ్మ మంచం కిటికీ పక్కనే. మీ అక్క పుస్తకాల సంచీ వేసుకుని తలుపు దగ్గర నిలబడింది. అక్కడ ఒక పెద్ద సిస్టరు ఉండేది. ఆమె నడిచొస్తుంటే దగ్గు వచ్చినవాళ్ళు కూడా ఆపుకునేవాళ్ళు.

"పిల్లలు లోపలికి రాకూడదు."

"నేను పిల్లని కాదు సిస్టర్, అటెండెంటుని."

"అటెండెంటుకి ఆ పుస్తకాల సంచీ ఎందుకు?"

"అటెండెంటుకి పరీక్షలు ఉండకూడదా సిస్టర్?"

సిస్టరు దాన్ని పైనుంచి కిందికి చూసింది. "నోరు బాగానే ఉంది. మాస్కు పెట్టుకో, ఆ స్టూలు లాక్కో. శబ్దం బయటికొచ్చిందంటే ఫోను నా డ్రాయరులోకి పోతుంది."

మీ అమ్మ ఎడమ చేతికి సూదులు గుచ్చి ఉంటాయి కాబట్టి మీ అక్క కుడివైపు స్టూలు వేసుకుంది. నేను నిన్నెత్తుకుని తలుపు అద్దంలోంచి చూసేదాన్ని. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి మీ అమ్మ. మొదటిరోజు కాసేపటికే అడిగేసింది.

"ఆ ఫ్యాను రెక్కల్ని చూసీ చూసీ నాకు కంఠతా వచ్చేశాయి. ఏం చెబుతున్నారో ఒక చెవి నాకూ ఇవ్వవే."

మీ అక్క ఒకటి తన ఎడమ చెవిలో ఉంచుకుని, రెండోది, నువ్వు కొరికినది, వాళ్ళమ్మ కుడి చెవిలో పెట్టింది. వైరు పొట్టిది కదా, ఇద్దరి తలలూ ఆనుకోవాల్సిందే. తలుపు బయటి నుంచి చూస్తే తల్లీకూతుళ్ళు ఏదో రహస్యం చెప్పుకుంటున్నట్టుండేది. మధ్యాహ్నం బయటికి వచ్చేసరికి మిషను మీద పడుకున్న మనిషి మామూలుగా వడలిపోయి ఉండాలి. మీ అమ్మ వడలిపోయే ఉండేది, కానీ మాట్లాడుతూ వచ్చేది. బస్సులో ఒక్కటే గోల. ఎక్స్ ఎందుకు అటు పోయింది, పోతే గుర్తు ఎందుకు మారింది? మీ అక్క విసుక్కునేది. "అమ్మా, బస్సులో అందరూ చూస్తున్నారే!" "చూడనీ. వాళ్ళకీ అర్థమైతే మంచిదే."

ఆసుపత్రి లేని రోజుల్లో వీధి గదే బడి. కుట్టుమిషను మూతేసి దాని మీద ఫోను నిలబెట్టేవాళ్ళు. ఇద్దరూ పక్కపక్కన చాప మీద, అదే వరసలో, మీ అక్కకి ఎడమ పక్కన మీ అమ్మ. పక్కనున్నావిడ సంగతి క్లాసులో ఎవరికీ తెలియదు. మేడమ్‌కీ తెలియదు. ఆ గుట్టు రట్టు చేసింది ఎవరనుకున్నావు? నువ్వే.

ఆ రోజు మీ అక్కకి నిద్ర చాలలేదు. వాళ్ళమ్మ భుజం మీద తల వాల్చి అలాగే తూగిపోయింది. నేను గుమ్మంలో కూర్చుని నీకు తినిపిస్తున్నాను. ఉన్నట్టుండి మీ అమ్మ దాన్ని మోచేత్తో పొడిచింది. లేవలేదు. గిల్లింది. లేవలేదు. మేడమ్ దాన్నే ఏదో ప్రశ్న అడిగినట్టుంది. మీ అమ్మ అటూ ఇటూ చూసి, ఫోను మీద ఏదో నొక్కి, గొంతు సన్నం చేసి, అచ్చం పదో తరగతి పిల్లలాగా చెప్పింది.

"ఇరవై రెండు మేడమ్. కానీ కుట్టుకి అరంగుళం వదలాలి."

సరిగ్గా అప్పుడే నువ్వు నా చేతిలోంచి జారిపోయి, పాక్కుంటూ వెళ్ళి వైరు పట్టి లాగావు. వైరు ఊడి చేతికొచ్చింది. మేడమ్ గొంతు గదంతా నిండింది.

"కుట్టేంటమ్మా? వ్యాసం ఏడైతే వృత్తం చుట్టుకొలత ఎంత అని కదా నేనడిగింది! కుట్టెక్కడి నుంచి వచ్చింది?"

పిల్లల నవ్వులు. మీ అక్క ఉలిక్కిపడి లేచింది. మేడమ్ మళ్ళీ, "ఎవరండీ మాట్లాడింది?" అంది.

మీ అమ్మ ఏం చేసిందో తెలుసా? లేచి నిలబడింది. ఆ ఫోను ముందు, చేతులు కట్టుకుని.

"నేను దాని అమ్మనండీ. వెనక కూర్చుని వింటున్నానండీ."

"వెనకంటే ఎక్కడ?"

"వెనక బెంచీలో అనుకోండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి పాఠం దగ్గర్నుంచీ మేడమ్."

ఇక రావద్దంటారేమోనని భయపడ్డాను. అప్పుడు మేడమ్ అంది, "ఇన్నాళ్ళూ హాజరు పలక్కుండా కూర్చున్నారా? రేపటి నుంచి పలకాలి. ముందు కూర్చోండి."

మీ అమ్మ కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది.

మర్నాటి నుంచి హాజరులో పిల్లలందరి పేర్లూ అయ్యాక చివర్న, "వెనక బెంచీ?" అని పిలిచేది మేడమ్. "ఉన్నానండీ!" అని అరిచేది మీ అమ్మ. పిల్లలకి అదే పేరైపోయింది. ఆ పిల్లలు కూడా ఎలాంటివాళ్ళనీ. ఒకడు చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచం మీదున్నాడు. ఒకమ్మాయి చంటి తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని పాఠం వినేది. ఇంకొకతి, నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే పిల్ల, ఫోనులో టైపు చేసి తెగ ప్రశ్నలు వేసేది. బడిలో కూర్చుంటే వీళ్ళందరూ వెనక బెంచీలే. అక్కడ మాత్రం వెనక ఒక్క మీ అమ్మే.

పరీక్ష రాయమని చెప్పింది కూడా ఆ మేడమే. పెద్దవాళ్ళు బడికి రాకుండా పది కట్టే దారి వేరే ఉందట. ఆ మాట వచ్చాక మీ అమ్మకి కాళ్ళు నేల మీద నిలవలేదు. తల్లీకూతుళ్ళు పందెం వేసుకున్నారు. ఎవరికి మార్కులు తక్కువొస్తే వాళ్ళు ఇంట్లో అంట్లన్నీ తోమాలి.

"ఎన్నాళ్ళు తోమాలి?" అంది మీ అక్క.

"గెలిచినవాళ్ళు చాలనేదాకా."

"అయితే నీ పని అయిపోయిందమ్మా. జీవితాంతం తోముతావు."

"చూద్దాంలే. నోటితో కాదు, పెన్నుతో గెలవాలి."

అప్పటికి జోరు వానలు. మీ అమ్మ చెయ్యి సన్నబడిపోయింది, కళ్ళ కింద నలుపు దిగింది. అయినా ఆ ఏడు పరీక్ష రాసేదాకా బతుకుతుందని నేను గట్టిగా అనుకున్నాను. ఒట్టి ఆశ కాదు, కళ్ళారా చూస్తున్నాను కదా, మంచం దిగిన ప్రతిసారీ ఏదో ఒకటి నేర్చుకుని దిగేది.

ఒకరోజు ఆసుపత్రిలో నేను మంచినీళ్ళ సీసా ఇవ్వడానికి లోపలికి వెళ్ళేసరికి, మీ అక్క ఇద్దరి చెవుల్లోంచీ గుండీలు పీకేసి చేతిలో పట్టుకుని ఉంది.

"సిగ్నల్ లేదమ్మా."

"వానే లేదు, సిగ్నల్‌కేం రోగం?"

మీ అక్క వైరు వేలికి చుట్టుకుంటోంది.

"ఏం పాఠమే?"

"విసర్జన వ్యవస్థ."

"అంటే?"

"కిడ్నీలు."

మీ అమ్మ పక్కనున్న మిషను వైపు చూసింది. "నాక్కాకపోతే ఎవరికి చెబుతారు ఆ పాఠం? పెట్టు."

క్లాసు సగం అయిపోయింది. అయితేనేం, అందులో పాఠం అలాగే ఉంటుందిగా. అవగానే మొదటి నుంచి పెట్టించుకుంది. సిస్టరు అటు తిరిగి ఉందని మీ అక్క ఫోను గొంతు తగ్గించి బయటికే వినిపించింది. నేనూ విన్నాను. ఒక్కో కిడ్నీలో లక్షల కొద్దీ సన్నటి గొట్టాలుంటాయట, అవే రక్తాన్ని వడగడతాయట. "ఆపు" అంది మీ అమ్మ. "వెనక్కి తిప్పు. లక్షలే? అంత సన్నటి దారం ఏ సూదిలోకి ఎక్కుతుందే?" మళ్ళీ విన్నది. మళ్ళీ ఆపించింది. పక్క మంచం పెద్దాయన తల ఎత్తి, "ఏంటమ్మా అది, నాకూ చెప్పు" అంటే, తనకి అర్థమైనంత ఆయనకి చెప్పింది. "ఏళ్ళ తరబడి వస్తున్నాను, లోపల ఇదా సంగతి!" అన్నాడాయన.

అప్పుడు నాతో అంది, "అమ్మా, నేను చదువుకునేటప్పుడు ఇదొక్కటి ఉండుంటే బాగుండేది. ఒకసారి అర్థం కాకపోతే అంతే అప్పుడు. మళ్ళీ చెప్పమని అడిగితే క్లాసంతా వెనక్కి తిరిగి చూసేది. ఆ చూపులకే నేను బడి మానేశాను. వేరే ఏమీ కాదు."

అంతవరకూ ఆ మాట నాకు తెలియదు తల్లీ. ఇంట్లో పనికోసం మానేసిందనే అందరం అనుకున్నాం. ఎన్నేళ్ళు కడుపులో దాచుకుందో.

పాఠం మళ్ళీ నడిచింది. చివర్లో మేడమ్, ఆ గొట్టాలు ఒకసారి పాడైతే మళ్ళీ పుట్టవు అని చెప్పింది. మీ అక్క చటుక్కున ఆపేసింది. మీ అమ్మ కిటికీలోంచి చూస్తూ ఉంది. ఆ ఒక్క ముక్కని మాత్రం వెనక్కి తిప్పమనలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక మీ అమ్మకి జ్వరం పట్టుకుంది. వణుకు. మిషను మీద పడుకోబెడితే వణుకు ఇంకా ఎక్కువైంది. లోపలి వార్డుకి మార్చారు. అక్కడికి ఫోను తీసుకెళ్ళకూడదు. సాయంత్రం పూట కాసేపు ఒక్కరినే పంపేవాళ్ళు. అప్పుడు మీ అక్క ఏం చేసేదంటే, పగలంతా మెట్ల మీద సిగ్నల్ ఉన్న చోట కూర్చుని పాఠాలు వినేది. ఒక గుండీ తన చెవిలో, రెండోది అలా వేలాడుతూ. సాయంత్రం లోపలికి వెళ్ళి, విన్నదంతా వాళ్ళమ్మకి అప్పజెప్పేది. ఏ మాటకి మేడమ్ ఏమంది, కాలు విరిగినవాడు ఏం జోకేశాడు, అన్నీ.

ఒక సాయంత్రం ఏమనుకున్నారో, నన్నూ రానిచ్చారు. నిన్ను పెద్ద సిస్టరు తనే ఎత్తుకుంది. ఎప్పుడూ నవ్వని మనిషి నన్ను చూసి "వెళ్ళమ్మా, ఏం పర్లేదు" అని మెత్తగా అంది.

మీ అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. "ఇవాళేం చెప్పారు?" అంది. గొంతు చాలా దూరం నుంచి వస్తున్నట్టుంది.

మీ అక్క చెప్పింది. సూర్యుడి వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. సూర్యుడు నేలకి దగ్గరగా ఉన్నప్పుడు ఆ వెలుగు చాలా గాలిని దాటుకుని రావాలి. దారిలో నీలం చెదిరిపోతుంది, ఎరుపు మన దాకా వస్తుంది. అందుకే ఉదయం, సాయంత్రం ఎర్రగా కనిపిస్తాడు.

మీ అమ్మ నిద్రపోయిందనుకున్నాం. కళ్ళు తెరిచింది.

"పొద్దునా ఎరుపే, సాయంత్రమూ ఎరుపే అయితే, ఎవరైనా ఫొటో తీసి చూపిస్తే అది పొద్దో సాయంత్రమో ఎలా చెప్పడం?"

మీ అక్క ఆలోచించింది. "ఏమో అమ్మా. తెలీదు."

"మేడమ్‌ని అడిగి రా. నేనిక్కడే ఉంటాగా, ఎక్కడికి పోతాను."

బయటికి రాగానే మీ అక్క మెట్ల మీదికి పరిగెత్తి, ఆ ప్రశ్న టైపు చేసి పంపింది.

మర్నాటికి వాన పూర్తిగా వెలిసింది. వరండా అంతా తడి, కిటికీల్లోంచి ఎండ. మేం బెంచీ మీద కూర్చుని ఉన్నాం. మీ అక్క ఫోను టింగుమంది. చూసుకుని నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది.

"అమ్మమ్మా, మేడమ్ ఏమందో తెలుసా? ఫొటో చూసి చెప్పలేమట. అక్కడే కూర్చుని కాసేపు చూడాలట. పైకొస్తే పొద్దు, కిందికి పోతే సాయంత్రం. పిల్లలెవరూ ఇంతవరకూ ఇలా అడగలేదట. వెనక బెంచీకి నా తరఫున ఒక మార్కు ఎక్కువ అని చెప్పు అంది. ఉండు, ఇప్పుడే చెప్పేసి వస్తా. సాయంత్రం దాకా ఆగలేను, బతిమాలితే పంపుతారు."

అది లేచి నిలబడింది. అంతలో తలుపు తెరుచుకుంది. లోపలి సిస్టరు బయటికొచ్చింది. చేతిలో చిన్న కవరు. అందులో దువ్వెన, జుట్టుకి పెట్టుకునే రబ్బరు, కళ్ళజోడు.

"ఇవి మీ అమ్మగారివి" అంది.

"ఆవిడ దగ్గరే ఉంచండి సిస్టర్" అంది మీ అక్క. "కళ్ళజోడు లేకపోతే ఆవిడకి కనపడదు."

సిస్టరు నా వైపు చూసింది. నేను నిన్ను గట్టిగా అదుముకున్నాను. నీకు నొప్పేసి ఏడ్చావు. ఆ వరండాలో ముందు ఏడ్చింది నువ్వే.

తర్వాత రోజుల సంగతి చెప్పను. చెప్పడానికి ఏమీ లేదు. మీ నాన్న వచ్చాడు, లారీని వీధి చివర నిలిపి, ఇంటి దాకా నడవలేక అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయాడు. కుట్టుమిషను మూత ఎవరూ తియ్యలేదు. సగం కుట్టిన యూనిఫారం చొక్కా ఒకటి, ఒక చెయ్యి లేకుండా, దాని పక్కనే ఉండిపోయింది.

మీ అక్క ఏడవలేదు. పొద్దున లేస్తే పెరట్లో కూర్చుని అంట్లు తోమేది. తోమినవే మళ్ళీ తోమేది. క్లాసు వేళకి ఫోను మోగేది. వచ్చి నొక్కేసి వెళ్ళిపోయేది. ఫోను తెరవనే లేదు. మేడమ్‌కి ఏమీ చెప్పలేదు.

మీ నాన్న ఒకరోజు మెల్లగా అన్నాడు, "ఇక బడికే వెళ్ళొచ్చుగా తల్లీ. ఆసుపత్రి తిప్పట లేదు కదా." ఆయన తప్పుగా అనలేదు. కానీ ఆ మాట వినగానే మీ అక్క ముఖం చూడాలి. బడికి పోవడానికి ఇప్పుడు ఏ అడ్డూ లేదని అప్పుడే తెలిసినట్టు చూసింది. లేచి పెరట్లోకి పోయింది. ఆ ఏడు అది ఇక పుస్తకం ముట్టుకోదని నాకు భయం పట్టుకుంది. వచ్చే ఏడు అంటుంది. ఆ వచ్చే ఏడు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

మళ్ళీ చినుకులు పడుతున్న ఒక పొద్దున ఫోను మోగుతూనే ఉంది. అది పెరట్లో ఉంది. నువ్వు నిద్రపోతున్నావు, లేస్తావేమోనని ఆపుదామని నేనే తీసుకుని, కనపడిన పచ్చ గుర్తు నొక్కాను. ఆగలేదు సరికదా, మేడమ్ గొంతు గదంతా పరుచుకుంది.

"వచ్చారండీ తల్లీకూతుళ్ళు! ఇద్దరూ కూడబలుక్కుని బడి ఎగ్గొట్టారా ఏంటి? సరిగ్గా హాజరు వేళకి వచ్చారు, బతికిపోయారు."

మీ అక్క పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. మేడమ్ దాని పేరు పిలిచింది. నేను ఫోను అరచేతిలో పెట్టి దాని వైపు చాచాను.

"ఉన్నాను మేడమ్" అంది.

"మంచిది. వెనక బెంచీ?"

చినుకుల చప్పుడు.

"వెనక బెంచీ గారూ, పలకండి! నిద్రపోతున్నారా?" అని అరిచాడు ఆ కాలు విరిగిన పిల్లాడు. పిల్లలు నవ్వారు.

"రాలేదు మేడమ్" అంది మీ అక్క.

"ఏం, జ్వరం ఇంకా తగ్గలేదా?"

మీ అక్క నా వైపు చూసింది. నేను ఆ ఒక్క మాటా చెప్పిపెడతానేమోనన్నట్టు చూసింది. తర్వాత నా అరచేతిలోని ఫోను తనే తీసుకుంది.

"ఇక రారు మేడమ్."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరో చంటిపిల్లాడు ఏడుస్తున్న చప్పుడు వచ్చింది, అదీ ఆగింది. మేడమ్ అయ్యో అనలేదు, ఎప్పుడు పోయారని అడగలేదు.

"నేను పాఠం మొదలుపెడతాను" అంది. "నువ్వు వినక్కర్లేదు. రాసుకోనక్కర్లేదు. కట్ మాత్రం చెయ్యకు."

మొదలుపెట్టింది. మధ్యలో ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది.

మీ అక్క చేతులు తుడుచుకుంది. కుట్టుమిషను సొరుగు తీసి వైరు తెచ్చి ఫోనుకి పెట్టింది. చాప మీద కూర్చుని ఒక గుండీ ఎడమ చెవిలో పెట్టుకుంది. రెండోది పక్కన వేలాడుతోంది. నేను ఉండబట్టలేక వెళ్ళి దాని ఎడమ పక్కన కూర్చుని, ఆ గుండీ తీసి చెవిలో పెట్టుకున్నాను. కుడి చెవి కదా, ఏమీ వినపడలేదు. అయినా తల ఊపుతూ కూర్చున్నాను.

మీ అక్క నన్ను చూసింది. "అది నీకు వినపడే చెవి కాదు అమ్మమ్మా" అంది. తన చెవిలోది తీసి కుడి చెవిలోకి మార్చుకుంది. నన్ను లేపి, తన కుడి పక్కన కూర్చోబెట్టుకుని, నా ఎడమ చెవిలో రెండోది పెట్టింది. తల నా తలకి ఆనించింది. అప్పుడు వచ్చింది దానికి ఏడుపు. మేడమ్ చెబుతూనే ఉంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒక్క ముక్కా వదల్లేదు.

కాసేపటికి నువ్వు లేచి, తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, దాని ఎడమ పక్కన ఖాళీ ఉంటే అక్కడ కూలబడబోయావు. మీ అక్క నిన్నెత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఆ చోటు మాత్రం అలాగే ఉంచింది.

పరీక్ష అయ్యేదాకా అలాగే కూర్చున్నాం. అది పాసైంది. అందరూ మంచి మార్కులన్నారు. ఆ రోజు కూడా పెరట్లోకే వెళ్ళింది. పందెం నువ్వే గెలిచావుగా, లే అన్నాను. "అమ్మ రాసుంటే నేనే ఓడిపోయేదాన్ని" అంది. గెలిచినవాళ్ళు చాలనేదాకా తోమాలని కదా పందెం. చాలనడానికి ఎవరున్నారు? అందుకే తల్లీ, ఇంత ఉద్యోగం చేసొచ్చి కూడా అంట్ల దగ్గరికి నిన్ను రానివ్వదు. ఎందుకని ఎన్నిసార్లడిగావో. ఇదీ సంగతి.

ఫోను చదువు గొప్పదో, బడి చదువు గొప్పదో తేల్చేంత తెలివి నాకు లేదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ ఫోను చదువు లేకపోతే మీ అక్క ఆ నెలలన్నీ బడిలోనో, వాళ్ళమ్మ పక్కనో, ఏదో ఒక చోటే ఉండేది. మీ అమ్మ ఫ్యాను రెక్కలు చూస్తూ పోయేది. రేపు క్లాసులో మేడమ్ పిలిచినప్పుడు ఉన్నానని గట్టిగా పలుకు, అంతే.

నేను ఎన్నాళ్ళుంటానో. మీ అక్క నోరు విప్పదు. నీకేమో మీ అమ్మ గొంతే గుర్తు లేదు. కాబట్టి ఇది నువ్వే గుర్తుపెట్టుకోవాలి, నువ్వే చెప్పాలి, నీ స్నేహితులకో, రేపు నీ పిల్లలకో. చెప్పేటప్పుడు ఆసుపత్రి దగ్గర మొదలుపెట్టకు. ఆ కవరు దగ్గర అసలే మొదలుపెట్టకు. "ఇరవై రెండు మేడమ్, కానీ కుట్టుకి అరంగుళం వదలాలి" దగ్గర మొదలుపెట్టు. ముందు నవ్వాలి వాళ్ళు. ఆవిడ ఎలా లేచి నిలబడిందో, చేతులెలా కట్టుకుందో చూపించు. తర్వాత మిగతాది చెప్పు.

ఆ ఫొటో ప్రశ్నకి జవాబు కూడా మర్చిపోకుండా చెప్పు. ఆవిడకి అది అందలేదు.